టీఎంసీల దంపతులు

నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలానికి లాంచీ ఎక్కే జనంలో అనంతపురం దంపతుల్ని పోల్చుకోవడం ఏమంత కష్టం కాదు. తక్కినవాళ్లంతా ఫోన్లు పైకెత్తి నల్లమల కొండల్ని ఫోటోలు తీస్తుంటే వీళ్లిద్దరూ కమ్మీ మీంచి వంగి కిందికి చూస్తుంటారు. ఆయన సాధారణంగా రిటైరైన ఉద్యోగి. ఊళ్లో నాలుగెకరాల శెనక్కాయ చేను, అందులో ఎండిపోయిన బోర్లు రెండో మూడో ఉంటాయి. లైఫ్ జాకెట్ తొడిగించుకుంటూనే సరంగును అడుగుతాడు: "మట్టం ఎంతుందప్పా?" నిండుగా ఉంది సార్ అంటే కుదరదు, అడుగుల్లో చెప్పాలి. 590 అడుగులైతే నిండినట్టని ఆయనకు తెలుసు. అప్పుడు 312 టీఎంసీలని పక్కనున్నవాళ్లకు, వాళ్లు అడక్కపోయినా, చెబుతాడు.

కరువు జిల్లావాళ్లు, నీళ్లు చూసి మురిసిపోతున్నారులే అని తోటి ప్రయాణికులు జాలిపడతారు. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే సీమ కాబట్టి ఆ జాలికి ఆధారం లేకపోలేదు. కానీ మురిసిపోయేవాడు ఇన్‌ఫ్లో ఎంత, అవుట్‌ఫ్లో ఎంత అని అడగడు. నా లెక్కలో ఈ జంట వచ్చింది విహారానికి కాదు, తనిఖీకి. హోస్పేట వెళ్లినా ఇదే వరస. తుంగభద్ర డ్యాం కింద పూలతోటను వదిలేసి, పూడిక ఏమేరకు చేరిందని వాకబు చేస్తారు. అనంతపురానికి హెచ్చెల్సీ (ఎగువ కాలువ) నీళ్లు అక్కణ్ణుంచే రావాలి మరి. ఇక కృష్ణ సంగతి ఇంకా మెలికైనది. అనంతపురానికి రావాల్సిన కృష్ణా నీళ్లను శ్రీశైలం డ్యాముకు ఎగువన, మల్యాల దగ్గర తోడతారు. అక్కణ్ణుంచి మెట్టు మెట్టుగా ఎత్తిపోస్తూ 2012లో జీడిపల్లి జలాశయం దాకా తెచ్చారు. హంద్రీనీవా అనే ఈ ఎత్తిపోతల పథకానికి రాసిచ్చింది 40 టీఎంసీలు, అదీ వరద నీరు. లాంచీ తిరిగేదేమో ఆ డ్యాముకు దిగువన. అంటే ఈ దంపతులు ఆరు గంటలపాటు, టికెట్టు కొనుక్కుని మరీ, తమ పంపులకు దొరక్కుండా దాటిపోయిన నీళ్ల మీద ప్రయాణం చేస్తారు. ఆయన మనసులో 312ను 40తో భాగిస్తూ ఉంటాడు. దాదాపు ఎనిమిదేళ్ల హంద్రీనీవా. ఆ భాగహారం మధ్యలో నాగార్జునకొండ దీవి వచ్చి వెళ్లిపోతుంది.

నీటి మట్టాలు అడగని తెలుగువాడెవడు, వానాకాలంలో పత్రికలన్నీ అవే అచ్చేస్తాయి కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే. అయితే పల్నాడు రైతు సాగర్ మట్టం అడిగేది తన కాలువకు ఎప్పుడు వదులుతారో తెలుసుకోవడానికి. ఈయనకు ఆ కాలువతో చుట్టరికం లేదు. ఫలం ఆశించకుండా టీఎంసీలు లెక్కపెట్టేవాడు ఈయనొక్కడే. ఆయన సరే, ఆమె సరదాకే వచ్చి ఉండవచ్చు కదా అనేది మరో ఆక్షేపణ. లాంచీలో భోజనాలయ్యాక ఆమెను చూడండి. చెయ్యి కడుక్కోవడానికి కొళాయిని సన్నటి ధారకు మించి తిప్పదు. వెనక వచ్చినావిడ సగం తిప్పి వదిలేసిపోతే, లేచివెళ్లి బిగించి వస్తుంది. నాలుగు వైపులా కృష్ణ, మధ్యలో ఆమె పొదుపు! 2014లో నది నడిమధ్యన రాష్ట్రాల సరిహద్దు వచ్చింది. శ్రీశైలం వైపు పోతుంటే ఎడమ చేతి వైపు ఆంధ్ర, కుడి చేతి వైపు తెలంగాణ. ఈ నీళ్లు ఎవరివండీ అని ఆమె అడుగుతుంది. దానికొక బోర్డు ఉందని ఆయన మొదలుపెడతాడు. "సాల్లెండి, కూసోండి" అని ఆమె ఆపుతుంది. ఆ బోర్డు కథ ఆమెకు కంఠతా వచ్చు.

లింగాలగట్టు దగ్గరపడే వేళకు అందరూ మల్లన్న దర్శనానికి చీరలు సర్దుకుంటుంటే, ఎడమగట్టు విద్యుత్ కేంద్రంలో వెనక్కి తిరిగే యంత్రాలున్నాయని, కిందికి వదిలిన నీళ్లను అవసరమైతే మళ్లీ పై జలాశయంలోకి తోడగలవని ఎవరో ఆయన చెవిన వేస్తారు. సంగతి నిజమే. కానీ అవి రాత్రి మిగులు కరెంటుతో నీళ్లను పైకి తోడి, పగలు మళ్లీ కరెంటు తీయడానికి పెట్టినవనీ, ఉన్నది తెలంగాణ గట్టుననీ చెప్పినా ఆయనకు వినపడదు. దర్శనం క్యూలో ఆమెను నిలబెట్టి, ఆ కేంద్రంలోకి సందర్శకుల్ని రానిస్తారా, రానిస్తే ఎవర్నడగాలి అని ఆరా తీస్తుంటాడు.