నీలిటిక్కు మాహాత్మ్యం

శ్రీకరమైన సిగ్నలు నాలుగు గీతలూ నిండుగా వెలుగుతుండగా, 62 శాతం ఛార్జింగు అనే శుభశకునం తెర పైమూలన కనబడుతుండగా, వేసవిలో ఒకానొక శనివారం ఉదయం 7 గంటల 12 నిమిషాలకు, రాజమండ్రిలో మా అత్తయ్య వీధరుగుమీద కూర్చుని, కళ్లజోడు ముక్కుకొనకు దించి, చూపుడువేలు ఒక్కదానితోనే ఈ మహావాక్యాన్ని అవతరింపజేసింది: “రేపు పొద్దున్నే ఆవకాయకి కాయ కొట్టిస్తున్నా. ఎవరికెన్ని కిలోలో రాత్రిలోగా చెప్పండి.”

పంపగానే ఆ వాక్యం కొసన ఒక టిక్కు పుట్టింది. మన కథానాయకుడు అతడే.

కావ్యమన్నాక నాయకుడి రూపమూ వంశమూ చెప్పాలి. రూపమా, ఆవగింజలో అరభాగం. వర్ణమా, పొయ్యి ఆరాక మిగిలిన బూడిద. వంశమంటారా, అది ఘనమైనదే. యాహూ కొలువు విడిచిపెట్టిన జాన్ కూమ్, బ్రయన్ యాక్టన్ అనే ఇద్దరు 2009లో నిలబెట్టిన వాట్సాప్ వంశం. 2014లో ఫేస్‌బుక్ సార్వభౌముడు దాన్ని కోటగోడలతో సహా కొనుక్కున్నాడు. ఆ ఏడాది నవంబరులోనే టిక్కులకు నీలవర్ణం సిద్ధించింది. అంతకుముందు “మీ మెసేజ్ చూళ్లేదండీ” అనే మర్రిచెట్టు నీడన ఎందరు అల్లుళ్లు, ఎందరు బాకీదార్లు చల్లగా బతికారో! ఆ నవంబరులో చెట్టు కూలింది.

ఇక ప్రతాపం. అది సాక్షాత్తు వామనుడిదే, మూడడుగులు. మొదటి అడుగు సర్వర్‌మీద, అంటే పంపినవాళ్ల ఫోను దాటిందన్నమాట. రెండో అడుగు అవతలివాళ్ల ఫోనులో, అప్పుడు పక్కన తోబుట్టువులా రెండో టిక్కు మొలుస్తుంది. మూడో అడుగు చదివినవాడి నెత్తిన. అప్పుడు ఇద్దరూ నీలమేఘశ్యాములవుతారు, చదివినవాడు పాతాళానికి పోతాడు. ఈ ప్రయాణమంతా తాళం వేసిన పెట్టెలో. 2016 నుంచి ఆ తాళంచెవి పంపినవాళ్ల దగ్గర, అందుకున్నవాళ్ల దగ్గర తప్ప దారిలో ఎవరి మొలతాడుకీ వేలాడదు. కాబట్టి మా ఇంట్లో ఎవరు ఎన్ని కిలోల ఆవకాయ తింటారన్న రాజరహస్యం అమెరికా దొరలకు తెలిసే వీలు లేదు.

ఇద్దరి మధ్య అయితే ఈ కథ రెండు నిమిషాల్లో ముగిసేది. గ్రూపులో ధర్మం వేరు. అందరి ఫోన్లకూ చేరితే తప్ప రెండో టిక్కు రాదు. అందరూ చూస్తే తప్ప నీలం ఎక్కదు. ముప్పైమందిలో ఇరవైతొమ్మిదిమంది చూసినా, ఒక్కడు చూడకపోతే నాయకుడికి బూడిదే గతి.

కావున పురవర్ణన. “మన ఇంటివాళ్లు” అనే ఆ మహానగరంలో నివాసులు అత్తయ్యతో కలిపి 31 మంది. అక్కడ సూర్యుడు రోజూ ఉదయం 5 గంటలకే, అదీ ఏడెనిమిదిసార్లు, గులాబీలతోనూ కాఫీకప్పులతోనూ ఉదయిస్తాడు. వీధుల నిండా ఫార్వర్డుల ఏనుగులు. మందను మందగా తోలేవాళ్లకు కళ్లెం వేయాలని 2018లో మన దేశంలో ఒక మెసేజీని ఒక్క విడతలో ఐదుచోట్లకు మించి పంపనివ్వకుండా కట్టడి చేశారు. మా నగరంలోని వీరులు ఐదేసి చొప్పున విడతలు విడతలుగా తోలడం నేర్చారు. నగరానికి తూర్పుద్వారం కాకినాడ, పడమటిద్వారం డల్లాస్. అత్తయ్య శనివారం పొద్దున పెట్టిన ఆజ్ఞ డల్లాస్‌లో మా చెల్లెలికి శుక్రవారం రాత్రి 8 గంటల 42 నిమిషాలకు అందింది. ఆజ్ఞకంటే ముందురోజే ఆజ్ఞ అందుకున్న సామంతురాలు ఏ పురాణంలోనైనా ఉందా?

ఇక ఈ కవి సంగతి. సెలవలకని వచ్చి ఆ అరుగుమీదే కూర్చున్నందుకు నాకు సంజయుడి ఉద్యోగం పడింది. “నాకా అక్షరాలు ఆనవు, ఎవరెవరు చూశారో చదివిపెట్టరా” అంది అత్తయ్య. మెసేజీని అదిమిపట్టి, సమాచారం తెరిచి, యుద్ధభూమిని వర్ణించడం మొదలెట్టాను.

“డల్లాస్ చూసింది. మూడు కిలోలట, కొరియర్ ఖర్చు తనే పెట్టుకుంటుందట. కాకినాడ పిన్ని చూసింది, వెల్లుల్లి వెయ్యొద్దంది. నిజామాబాద్ వదిన చూసింది, వెల్లుల్లి లేకపోతే తనకసలే వద్దంది. హైదరాబాద్ అన్నయ్య 7 గంటల 14 నిమిషాలకే చూశాడు.”

“చూసి?”

“చూసి ఊరుకున్నాడు.”

అత్తయ్య కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. పాపం అన్నయ్య! ఒకప్పుడు సెట్టింగుల అరణ్యంలో ఘోరతపస్సు చేసి, చదివినా నీలం పడని మాయావరం సంపాదించాడు. ఆ వరం ఒక్కొక్కరితో విడిగా మాట్లాడేటప్పుడే పనిచేస్తుందని, గ్రూపులో కవచకుండలాలు ఊడిపోతాయని అతనికి ఎవరూ చెప్పలేదు. పోయినేడు తీసుకెళ్లిన పింగాణీ జాడీ ఇంకా తిరిగివ్వలేదన్న సంగతి కూడా ఇక్కడ చెప్పకపోతే కథ అర్థం కాదు.

అసలు పంపినమాట చేరిందని తిరిగి తెలియడమే గొప్ప. నలుడి హంస, యక్షుడి మేఘం, అందరూ దూతలే. కాని ఆధారం తెచ్చినవాడు హనుమంతుడొక్కడు. ఆ చూడామణిని మించిన నీలిటిక్కు నేనెరగను. మా తాతయ్య కాలానికి ఆ మణి రిజిస్టరు పోస్టు వెంట తిరిగొచ్చే రసీదు కార్డుగా దిగజారింది; దానిమీద అవతలివాళ్ల సంతకం చూసుకుని ఆయన వారం రోజులు ధీమాగా ఉండేవాడు. టెలిగ్రాము సంగతి ఎత్తను, 2013 జూలైలో దానికి పెద్దకర్మ కూడా అయిపోయింది.

ఎండ నడినెత్తికెక్కింది. ఆ వేళ మామయ్య, మాకు రెండు గజాల దూరంలో పడక్కుర్చీలో వాలి, ఆవకాయకి కొత్తపల్లి కొబ్బరి మామిడికాయే ఎందుకు శ్రేష్ఠమో వివరిస్తూ 3 నిమిషాల 40 సెకన్ల వాయిస్ మెసేజ్ అనే శంఖం పూరించాడు. 2021 తరవాత శ్రోతలకు రెట్టింపు వేగమనే దివ్యాస్త్రం చేతికొచ్చింది. దాంతో ఆయన మేఘగంభీర స్వరం నగరంలో చాలా ఇళ్లల్లో చేపల వేలంపాటలా మోగింది. వాయిస్‌కి టిక్కులతోపాటు చిన్న మైకు బొమ్మ కూడా ఉంటుంది, గ్రూపులో అందరూ విన్నాకగాని అది నీలమవదు. ఆయన మైకు ఇవాళ్టికీ నీలమవలేదు.

సాయంత్రానికి ముప్పైమందిలో ఇరవైతొమ్మిదిమంది తేలారు. నాయకుడు మాత్రం ఒంటికాలిమీద అలాగే నిలబడి ఉన్నాడు. “ఎవడ్రా ఆ ఒక్కడూ?” అంది అత్తయ్య, తెలిసే.

కోనసీమలో బాబాయి. అత్తయ్యకి ఆఖరి తమ్ముడు. నెట్టు తెరిచి ఉంచితే బ్యాటరీ కారిపోతుందని, కొబ్బరిబొండానికి బెజ్జం పెట్టి వదిలేసినట్టేనని ఆయన సిద్ధాంతం. సంధ్యవార్చినట్టు ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి తెరిచి, మళ్లీ బిగించేస్తాడు. ఫోను చేస్తే అర నిమిషంలో తేలిపోయే వ్యవహారం. ఆ మాటే అన్నాను. “గ్రూపులో పెట్టింది వాడికి కాదేమిటి? మళ్లీ విడిగా పిలుపులా?” అంది. రథమెక్కి యుద్ధం ప్రకటించాక దిగి నడవడం ఆమె వంశంలో లేదు. అందనంతకాలం మెసేజీని సర్వర్ 30 రోజులదాకా దాచి ఉంచుతుందని ధైర్యం చెప్పబోయాను. “కాయ ఉంటుందా 30 రోజులు?” అంది.

రాత్రి 9 గంటల 41 నిమిషాలు. ఎక్కడో కొబ్బరితోటల మధ్య ఒక బొటనవేలు నెట్టు మీట నొక్కింది. అరుగుమీద మా ఫోనులో ఒంటి టిక్కు పక్కన రెండో టిక్కు కళ్లు తెరిచింది. అత్తయ్య ఊపిరి బిగబట్టింది. మామయ్య కుర్చీలోంచి లేచాడు. మెల్లగా, శంఖుపువ్వులు విచ్చుకున్నట్టు, రెండూ నీలమయ్యాయి. దేవతలు పుష్పవృష్టి కురిపించారు. అంటే మామయ్య చేతిలోని మరమరాలు కింద పోశాడు.

వెంటనే బాబాయి జవాబు వచ్చింది. పసుప్పచ్చని బొటనవేలు ఒకటి, నిటారుగా.

అత్తయ్య దాన్ని దగ్గరగా చూసింది, దూరంగా పెట్టి చూసింది, నాకు చూపించింది. తరవాత చూపుడువేలు ఎత్తి ఒక్కో అక్షరమూ పొడుస్తూ టైపు చేసింది: “బొటనవేలంటే ఎన్ని కిలోలురా?”

ఒక టిక్కు పడింది. మేం ముగ్గురం దానికేసి చూస్తూ కూర్చున్నాం. పది దాటింది. రెండోది రాలేదు.