నా పేరు క్రియాటినిన్

నేను పుట్టేది మీ కండరాల్లో. వాటికి సత్తువనిచ్చే క్రియాటిన్ కొద్దికొద్దిగా కరిగి నాలా మారుతుంది. ఆ తర్వాత నాతో ఒంటికి పనిలేదు. రక్తంతోపాటు మూత్రపిండాలకు చేరితే, అవి నన్ను వడగట్టి మూత్రంలోకి పంపేస్తాయి. వడపోత మందగిస్తే రక్తంలోనే పేరుకుపోతాను. అందుకే మూత్రపిండాల సంగతి డాక్టర్లు నన్నడుగుతారు.

క్షారం కలిపిన పిక్రిక్ ఆమ్లంతో నేను చేరితే నారింజ ఎరుపు రంగు వస్తుందని 1886లో మాక్స్ జాఫె అనే జర్మన్ శాస్త్రవేత్త చెప్పాడు. నేటికీ చాలా ల్యాబుల్లో నన్ను లెక్కగట్టేది ఆ రంగుతోనే. రంగు ఎంత చిక్కబడితే నేనంత ఎక్కువన్నమాట.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడితోటల నడుమ ఉన్న ఊళ్లలో బడి ముఖం చూడనివాళ్లూ నా పేరు పలుకుతారు. అక్కడ కిడ్నీ జబ్బు ఎన్నో ఇళ్లను కుంగదీసింది. దానికి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. డయాలసిస్‌కు వెళ్లే మనిషి రిపోర్టులో పెద్ద అంకెగా కనబడాల్సి రావడం నాకు బాధే.

నా బాధ మరొకటుంది. 'నార్మల్' గీత దాటలేదని నన్ను చూసి ధీమా పడతారు. మూత్రపిండాల పనితనం సగానికి పడిపోయినా ఒక్కోసారి నేను ఆ గీత లోపలే ఉంటాను. రిపోర్టులో 1.2 అని ఉందనుకోండి. పాతికేళ్ల యువకుడికైతే వడపోత వేగం, అంటే ఈజీఎఫ్‌ఆర్, సుమారు 86. అరవై అయిదేళ్ల అమ్మకైతే అదే 1.2కు సుమారు 50. కండ తక్కువున్న ఒంట్లో నేను తక్కువే పుడతాను. కాబట్టి కొద్దిగా కనబడినా అనుమానించాల్సిందే. మాంసం బాగా తిన్నాక పరీక్ష చేయిస్తే కాస్త పెరిగి కనబడతాను. ఒంట్లో నీరు తగ్గినా అంతే. ఒక్క రిపోర్టుకే హడలిపోవద్దు. ఈజీఎఫ్‌ఆర్ మూడు నెలలపాటు 60కి దిగువనే ఉంటే మాత్రం అది దీర్ఘకాలిక కిడ్నీ జబ్బే.

షుగర్, బీపీ ఉన్నవాళ్లకు నా మనవి ఒక్కటే. ఏటా నన్ను పరీక్షించుకోండి, ఈజీఎఫ్‌ఆర్ అడగండి, మూత్రంలో అల్బుమిన్ కూడా చూపించుకోండి. నొప్పి మాత్రలు సొంతంగా మింగకండి. పాత రిపోర్టులు పారేయకుండా దాచి, డాక్టరుకు వరసగా చూపండి.