బామ్మర్ది సంతకం

కొత్తపట్నంలో కాగితం పని ఎవరికి పడినా ముందు మా అరుగే ఎక్కేవాళ్లు. పాసుపుస్తకంలో పేరు తప్పు పడినా, బ్యాంకు నోటీసొచ్చినా 'ఆయన్నడుగు' అనేవాళ్లు. ఆ మాట వినీ వినీ నాకు చట్టం తెలుసనుకున్నాను. నిజానికి నాకు తెలిసింది ఏ కాగితం మీద ఏ ముద్ర పడుతుందో, అంతవరకే.

మా బామ్మర్ది చెక్కు కేసులో వాయిదాలు ఎగ్గొట్టి, వారంటు మీద రిమాండుకు పోయాడు. చెక్కు కేసులో రాజీకి వీలుంది. బాకీ కట్టి అవతలివాళ్లను ఒప్పించుకుంటే బయటపడొచ్చు. డబ్బెక్కడిది? సముద్రం వైపు ఇసుక నేలలో వాడికి సరుగుడు తోటుంది. అమ్మేద్దామని నేనే తీర్మానించాను. బేరం నేనే కుదిర్చాను, బయానా నేనే పుచ్చుకున్నాను. ఇక కావలసింది వాడి సంతకమొక్కటే.

వకీలు పంపిన వకాలత్ కాగితం జైలు అధికారి ఎదుట సంతకమై, ముద్రతో తిరిగి రావడం చూశాను. పొలం కాగితానికి మాత్రం వేరే దారెందుకు అనుకుని, అమ్మే అధికారం నాకిస్తున్నట్టు జీపీఏ, అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, రాయించి అలాగే లోపలికి పంపించాను. సంతకమై వచ్చింది. దాన్ని ఓ నోటరీ దగ్గరికి పట్టుకెళ్లాను. "మనిషేడీ?" అన్నాడాయన. "జైల్లో ఉన్నాడు, సంతకం మాత్రం వాడిదే" అన్నాను. బతిమాలితే ముద్ర గుద్దాడు. అది నా పలుకుబడి అని మురిసిపోయాను.

నోటరీల చట్టం 1952 నాటిది. సంతకం పెట్టిన మనిషిని చూసి, 'ఇది జరిగింది' అని సాక్ష్యం చెప్పడమే నోటరీ పని. నోటరీ ముద్రపడిన పవర్‌ను కోర్టు నమ్మేది కూడా అది ఆయన ఎదుట రాసిందన్న లెక్కతోనే. అమెరికాలో నోటరీలు కారేసుకుని జైళ్లకు వెళతారని మా మేనల్లుడు చెబితే 'అదేం చోద్యం' అని నవ్వాను. వాళ్లు ముద్రను మనిషి దగ్గరికి తీసుకెళుతున్నారు. నేను మనిషి లేకుండానే ముద్ర వేయించుకొచ్చాను.

రిజిస్ట్రారాఫీసులో అధికారి రెండు ముద్రలూ చూసి కాగితం నావైపు తోశాడు. రిజిస్ట్రేషనుకు పనికొచ్చే పవర్ నోటరీ ఎదుట కాదు, తమ ఎదుట రాయాలన్నాడు. "జైల్లో ఉన్నవాడు మీ ఎదుటికెలా వస్తాడండీ?" అని నిలదీశాను, దొరికిపోయాడనుకుని. ఆయన తాపీగా చెప్పాడు: 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే దానికి దారుంది. మంచాన పడ్డవాళ్లతో పాటు జైల్లో ఉన్నవాళ్లు కూడా ఆఫీసుకు రానక్కర్లేదు. అర్జీ పెట్టుకుంటే అధికారే జైలుకు వెళ్లి విచారిస్తాడు, లేదా కమిషన్ పంపిస్తాడు. "ముందే అడిగుంటే చెప్పేవాళ్లం కదండీ" అన్నాడు. ఊరంతా నన్నడుగుతుంటే నేనొకరిని అడగడమేమిటన్నది నా జబ్బు.

అర్జీ పెట్టాం. జైలు అనుమతీ వచ్చింది. వెళ్లేముందు ములాఖత్‌లో బామ్మర్దికి పాఠం అప్పజెప్పించాను: "అన్నిటికీ అవునను. సంతకం ఇక్కడ పెట్టు."

ఆ రోజు అధికారి నన్ను బయటే నిలబెట్టి వాణ్ణొక్కణ్ణే ప్రశ్నించాడు. తిరిగొచ్చినప్పుడు ఆయన చేతిలో కాగితం మీద సంతకం చోటు ఖాళీగానే ఉంది. ఇష్టపూర్వకంగానే అమ్ముతున్నావా అనడిగితే మావాడు "మా బావ అవుననమన్నాడు" అన్నాడట. మళ్లీ గుచ్చి అడిగితే అసలు మాట బయటపడింది. తోట కోతకొచ్చింది, చెట్లు అమ్మితే బాకీకి సరిపోతుంది, నేల ఎందుకమ్మాలి?

నరికి పట్టుకుపోయే చెట్లు అదే రిజిస్ట్రేషన్ చట్టం లెక్కలో చరాస్తి. వాటి అమ్మకానికి రిజిస్ట్రేషనే అక్కర్లేదు. జీపీఏ, నోటరీ, అర్జీ ఏవీ అవసరం లేని పనికి అన్నీ చేశాను. బయానా తిరిగిచ్చేశాను. సరుగుడు కొట్టించి అమ్మాం, రాజీ కుదిరింది, వాడు ఇంటికొచ్చాడు.

అన్నం తింటూ ఉక్రోషం ఆపుకోలేక అడిగాను: "చెట్లమ్ముదామని నాతో ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయిందిరా?"

"సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పావు గానీ, పెట్టనా వద్దా అని నువ్వెప్పుడడిగావు బావా?" అన్నాడు.