నేను మూసేసిన తూము

ఈ సంగతి మా ఊరివాళ్ళకీ, దగ్గరి బంధువులు కొందరికీ మాత్రమే తెలుసు. మిగతావాళ్ళు అడిగితే "ఆ ఏడు వానలు విపరీతమండీ" అని తప్పించుకుంటూ వచ్చాను. వానలు పడ్డమాట నిజమే. కానీ కోనసీమలో వాన పడటం వింత కాదు. నూట పదేళ్ళు పైబడ్డ మా తాతగారి మండువా లోగిలి అంతకంటే పెద్ద నీళ్ళనే చూసింది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటి పారినప్పుడు మా వసారాలో మోకాటిలోతు నీళ్ళు నిలిచాయి. 1996 నవంబరు 6 తుపానుకు తోటలో కొబ్బరిచెట్లు నేలకొరిగి, ఇంటి మీద గూనపెంకులు సగం ఎగిరిపోయాయి. ఇల్లు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ ఇంటిని నేను బాగుచేయించాను. బాగుచేయించిన తర్వాత వచ్చిన మొదటి వానాకాలానికే గోడలు ఉబ్బి పెచ్చులూడాయి.

ఇంటి గురించి రెండు ముక్కలు చెప్పాలి. నాలుగు వైపులా గదులు, మధ్యలో ఆకాశానికి తెరిచిన మండువా, చుట్టూ టేకు స్తంభాలు. నాలుగు కప్పుల నీళ్ళూ మండువాలో పడి, ఈశాన్యం మూల ఉన్న తూములోంచి పెరట్లోకి, అక్కణ్ణించి పంటబోదెలోకి పోతాయి. వీధిగదిలో స్వాతంత్ర్యోద్యమం రోజుల్లో ఊరి గ్రంథాలయం ఉండేది. సాయంత్రమైతే అరుగు మీద ఒకరు పత్రిక పైకి చదివేవారట, చదువురానివాళ్ళు చుట్టూ కూర్చుని వినేవారట. అందుకే ఆ ఇల్లు మా ఒక్క కుటుంబానిది అని ఊళ్ళో ఎవరూ అనుకోరు.

నాయనమ్మ పోయాక తాళం పడింది. ఏటా తొలకరికి ముందు పెంకులు సర్దించే మనిషి లేడు. ఒక పెంకు జారితే దాని కింద వాసం నానుతుంది, నానిన వాసం వంగితే మరో పది పెంకులు జారతాయి. పడమటి గోడలో రావి మొలిచింది. నేలనుంచి నడుమెత్తుదాకా నెమ్ము. మేనత్త ఫోను చేసినప్పుడల్లా "ఒరేయ్, ఇల్లు ఏడుస్తోందిరా" అనేది.

అప్పుడు రంగంలోకి దిగాను. బ్యాంకులో రిటైరయ్యాను, చేతిలో డబ్బుంది, తీరికుంది. పైగా హైదరాబాదులో మా అపార్టుమెంటు కట్టేటప్పుడు కొనుక్కున్నవాళ్ళ తరఫున రోజూ వెళ్ళి నిలబడినవాణ్ణి. ఇసుక పాలెంతో, కంకర సైజెంతో నోటికొచ్చేసింది. దాంతో ప్రపంచంలో కట్టిన, కట్టబోయే ఇళ్ళన్నిటి గురించీ నాకు తెలుసనే నమ్మకం కుదిరింది. మీకూ ఏదో ఒక విషయంలో ఇలాంటి నమ్మకం ఉండే ఉంటుంది. అది లేని మనిషిని నేనింకా చూడలేదు.

ఊళ్ళో ముసలి తాపీమేస్త్రి ఉన్నాడు. వాళ్ళ తాత మా ఇంటి గోడలు కట్టినవాళ్ళలో ఒకడు. కబురు పెడితే వచ్చాడు. గోడల్ని అరచేత్తో తడిమాడు, వేళ్ళతో కొట్టి చప్పుడు విన్నాడు. "ఈ గోడలకి సిమెంటు పడదండి బాబూ. అడుగునుంచి చెమ్మ లాగే గోడలండి. సున్నమైతే లాగింది లాగినట్టు కక్కేత్తాయండి. సిమెంటేత్తే లోపలే దాచుకుంటాయి. ముందు పెంకు సర్దించండి, తూము బాగుచేయించండి. ఒక ఏసవంతా ఎండనివ్వండి. అప్పుడు చూద్దాం" అన్నాడు.

ఒక వేసవంతా! దసరాకి మొదలుపెట్టి కార్తీకమాసానికి పూర్తిచేసి, వనభోజనాలకొచ్చే చుట్టాలందరిచేతా మెప్పు పొందాలని నా తొందర. "మేస్త్రీ, సున్నం రోజులు పోయాయి" అన్నాను. ఆయన వాదించలేదు. "అయితే వేరేవాళ్ళని పిలిపించుకోండి బాబూ" అని దణ్ణంపెట్టి వెళ్ళిపోయాడు. ఆ దణ్ణాన్ని ఆ రోజు ఒప్పుకోలు అనుకున్నాను.

టౌన్నుంచి మనుషుల్ని తెచ్చాను. పాత గచ్చు కొట్టించి, నీళ్ళు పీల్చని రసాయనం కలిపిన సిమెంటు పూయించాను. దానిమీద మెరిసే ప్లాస్టిక్ రంగు. నేలమీద విట్రిఫైడ్ టైల్సు. మండువాలో నేల ఎత్తు పెంచి గ్రానైటు. పైనుంచి వాన పడకుండా ఫైబర్ షీటు, దాని అంచున తొట్టి, తొట్టికి ఒక ప్లాస్టిక్ గొట్టం. వాన లోపలికే రానప్పుడు తూము ఎందుకని, దాన్ని గ్రానైటు కింద కప్పేయించాను. అత్తయ్య వచ్చి చూసి "తూమేదిరా?" అని అడిగింది. "ఇంక అవసరం లేదత్తయ్యా" అన్నాను. ఆవిడ చీరకొంగు నోటికడ్డం పెట్టుకుని కాసేపు నిలబడి, మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

తెలిసినవాళ్ళు చెప్పిన రెండు మాటలు. రెంటినీ వినలేదు. ఎందుకు వినలేదని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ఇల్లు బాగుపడాలని నాకు నిజంగానే ఉంది. కానీ బాగుచేసింది ఫలానావాడు అని పదిమందీ అనాలన్న కోరిక దానికంటే కాస్త ముందు నడిచింది. సున్నం పూసిన పాత గోడ పాత గోడలాగే కనిపిస్తుంది. చూసినవాళ్ళకి అందులో నా పేరు కనపడదు.

ఎండాకాలం మొదట్లోనే గోడల అడుగున తెల్లగా ఉప్పు తేలింది. రంగు బుడగలు కట్టింది. గీకించి, మళ్ళీ రంగేయించి, ఎవరికీ చెప్పలేదు. శ్రావణంలో సత్యనారాయణ వ్రతం పెట్టుకుని ఊరందరినీ పిలిచాను.

వ్రతం మొదలయ్యేసరికి మబ్బేసింది. రెండో కథకి వాన అందుకుంది. ఫైబర్ షీటు మీద ఆ మోతకి పంతులుగారి మాట పక్కనున్న మాకే వినపడలేదు. మూడో కథకి తొట్టిలో కొబ్బరాకులూ రావాకులూ చేరి గొట్టం పూడింది. నాలుగు కప్పుల నీళ్ళూ ఒక్కసారిగా షీటు అంచు దాటి మండువాలోకి దూకాయి, మండువాలో పోవడానికి దారిలేదు, ఎత్తు పెంచిన గ్రానైటు మీదినుంచి వసారాలోకి వచ్చాయి, వసారానుంచి హాల్లోకి వచ్చాయి, విస్తళ్ళు తేలాయి, పిల్లలు కేరింతలు, ఆడవాళ్ళు చీరలెత్తిపట్టుకుని గుమ్మాల్లోకి, నేను చీపురందుకుని అటూ ఇటూ, ఎవరో "తూము తియ్యండి, తూము తియ్యండి" అని అరుపు, తూమెక్కడుందో నాకూ అత్తయ్యకీ తప్ప తెలియదు, అంతలో పడమటి గోడనుంచి తలుపంత సిమెంటు పెచ్చు తాతగారి పటంతో సహా కిందపడింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. దానికి ఈనాటికీ ఆ సత్యదేవుడికి దణ్ణం పెట్టుకుంటాను.

ఊడినచోట చూస్తే ఇటుకలు ముద్దముద్దగా ఉన్నాయి, వేలితో గీస్తే రాలుతున్నాయి. గోడలో ఉన్న దూలం కొస మెత్తబడి నల్లగా ఉంది. అంత లోపలిదాకా చెమ్మ ఎక్కించింది నేనే. బావమరిది ఓదార్చాడు, "2019లో వానకి చార్మినార్ మినారు మీదిదే పెచ్చు ఊడి పడింది కదా బావా, మనదెంత" అని. కొన్నాళ్ళు ఆ మాట పట్టుకుని ఊళ్ళో అందరికీ చెప్పాను. 1591లో కట్టిన చార్మినార్ నాలుగొందల ఏళ్ళు పైగా నిలిచాక ఊడిన ముక్కకీ, నేను పూయించిన ఏడాదిలోపే ఊడిన పెచ్చుకీ పోలిక కుదరదని నాకు తెలుసు. అయినా చెప్పాను.

నా కళ్ళు తెరిపించింది గోల్కొండ దగ్గరి కుతుబ్ షాహీ సమాధులు. హైదరాబాదులో ఉన్నప్పుడు మా అమ్మాయి బలవంతాన తీసుకెళ్ళింది. అక్కడ 2013లో ప్రభుత్వమూ ఆగాఖాన్ ట్రస్టూ కలిసి పునరుద్ధరణ మొదలుపెట్టాయి. ముందు చేసిన పని ఏమిటో తెలుసా? గత శతాబ్దంలో మరమ్మతుల పేరుతో వేసిన సిమెంటు తీసేయడం. ఉలీ సుత్తీ పట్టుకుని చేత్తో, కింద రాయి దెబ్బతినకుండా తీశారు. తర్వాత సున్నం. అందులో బెల్లం, మారేడు గుజ్జు లాంటివి కలిపిన పాతకాలపు పాళ్ళు. అక్కడి బడీ బావోలీ, అంటే పెద్ద మెట్లబావి, వానలకి ఒక వైపు కూలిపోయింది. కూలిన రాళ్ళు తీసి మళ్ళీ పేర్చి నిలబెట్టారు. 2022లో గోల్కొండ మెట్లబావుల పునరుద్ధరణకు యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. ఆ బావి గట్టున నిలబడి నీళ్ళలోకి చూస్తుంటే మా మేస్త్రి గొంతు వినపడింది. ఆయన చెప్పిందే అక్కడ చదువుకున్నవాళ్ళు, పనివాళ్ళు కలిసి ఏళ్ళతరబడి చేశారు.

అప్పుడు అర్థమైన సంగతి చెబుతాను. మా పాత ఇళ్ళకి పునాదిలో చెమ్మను ఆపే పొర ఉండదు. నేలలోని నీళ్ళు ఇటుకల్లోని సన్నటి రంధ్రాల వెంట పైకెక్కుతాయి. సున్నపు గచ్చులోంచి ఆ నీళ్ళు గాలికి ఆవిరై పోతాయి, అందుకే నడుమెత్తుకి మించి నెమ్ము ఎక్కదు. రెండు వైపులా సిమెంటూ ప్లాస్టిక్ రంగూ పట్టించి, కింద టైల్సు పరిస్తే, నీళ్ళకి మిగిలిన దారి పైకే. వానలో తడిసిన బట్టలు విప్పకుండా మీద ప్లాస్టిక్ కోటు తొడుక్కోవడంలాంటి పని అది. నీళ్ళతో వచ్చిన ఉప్పు పెచ్చు వెనక గడ్డకట్టి దాన్ని ముందుకి నెడుతుంది. పైగా సిమెంటు గట్టిది, పాత ఇటుక మెత్తది. రెండూ కదిలినప్పుడు నలిగేది ఇటుకే. పోర్ట్‌లాండ్ సిమెంటుకి ఇంగ్లండులో పేటెంటు పుట్టింది 1824లో. అంతకు ముందు ఇక్కడ కోటలూ గుడులూ లేచాయనే మాట, ఇన్నేళ్ళ జీవితంలో ఒక్కసారైనా నాకు తట్టాల్సింది.

మేస్త్రి ఇంటికి నేనే వెళ్ళాను. ఏం మాట్లాడాలో దారంతా వల్లెవేసుకున్నాను, గుమ్మంలో నిలబడేసరికి అన్నీ మరిచిపోయి "రండి మేస్త్రిగారూ, ఇల్లు పోయేలా ఉంది" అన్నాను. ఆయన చెప్పులేసుకుని బయల్దేరాడు. దారిలో ఒక్క మాట ఎత్తిపొడవలేదు.

ముందు షీటు తీయించాడు. తూము తెరిపించాడు. గ్రానైటు తీసి మండువా నేలని పాత మట్టానికి దింపించాడు. రావిని నరకనివ్వలేదు. నరికితే మళ్ళీ చిగురిస్తుందని, చుట్టూ ఇటుకలు ఒక్కొక్కటీ తీసి వేరుతో సహా లాగించాడు. సిమెంటు ఊడదీయడానికి సన్న ఉలులే వాడాడు. అయినా చాలాచోట్ల ఇటుక మొహం దాంతోపాటు ఊడొచ్చింది. అది చూసినప్పుడల్లా నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. ఆ ఇటుకలకు బదులు మా కూలిపోయిన పశువులశాల ఇటుకలు సరిపెట్టాడు. ఉప్పు పట్టినచోట తడి బంకమట్టి ముద్ద పట్టించి, ఎండాక ఊడదీసేవాడు. ఉప్పు కొంత దాంతో వచ్చేసేది. అలా ఎన్నో సార్లు. కుళ్ళిన దూలం కొస కోసేసి, కొత్త టేకు అతికించి మేకులు దిగ్గొట్టారు. మిగతాదంతా పాతదే ఉంచారు.

సున్నం మాత్రం చూడాల్సిన పని. గుల్లలో ఉన్నదీ సున్నపురాయిలో ఉన్నదీ ఒకటే పదార్థం. 900 డిగ్రీల దాకా కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోతుంది. నీళ్ళు పోస్తే కుతకుత ఉడుకుతుంది. గోతిలో నానబెట్టి, ఇసుకా ఇటుకపొడీ కలిపి గానుగ పట్టి, పల్చటి పూతలుగా వేశాక, గాలిలోంచి అదే వాయువుని నెమ్మదిగా తిరిగి తీసుకుని మళ్ళీ రాయవుతుంది. ఆ నెమ్మదే నాకు మొదట్లో భరించరానిదిగా ఉండేది. పూత ఆరిపోకుండా తడిగోనెలు కప్పి, ఎండ తగలకుండా తడికలు కట్టి కాపలా కాయాలి. ఆ కాపలా పని అడిగి మరీ తీసుకున్నాను.

పోయిన వానాకాలంలో మండువాలో పడిన నీళ్ళన్నీ పడినవి పడినట్టే తూములోంచి పోయాయి. హాలు గోడలు ఉదయం చల్లగా, మధ్యాహ్నానికి పొడిగా ఉన్నాయి. వీధిగది ఒక్కటీ మిగిలింది. అక్కడ టైల్సు ఈ మధ్యనే పీకాం, ఉప్పు ఇంకా తేలుతోంది. సంక్రాంతి వెళ్ళాక మొదలుపెడదామా అని అడిగాను. ఇంకో వేసవి ఎండాలన్నాడు మేస్త్రి. సరే అన్నాను. గ్రంథాలయం పుస్తకాల బీరువాలు రెండూ అప్పటిదాకా అత్తయ్య పడకగదిలోనే ఉంటాయి. ఆ గదిలో మంచం వేసుకోవడానికి చోటు లేదని ఆవిడ రోజూ ఫోను చేస్తోంది.