కుర్చీలో కబడ్డీ

మన పిల్లలకు ఆటలు రావని ఎవరండీ అన్నది? సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి మార్కుల జాబితాలు చూడండి. లెక్కల్లో గట్టెక్కితే చాలనుకున్న కుర్రాడు కూడా వ్యాయామ విద్యలో తొంభై దాటేస్తాడు. పేరుకు ఐచ్ఛికం, పిలిచేది మాత్రం ‘స్కోరింగ్ సబ్జెక్టు’ అని.

స్కోరు ఎలా వస్తుందో లెక్క చూద్దాం. వందలో 70 మార్కులు రాత పరీక్షకు. మిగిలిన 30లో యోగాసనాలకు 7, దేహ దారుఢ్య పరీక్షకు 6, రికార్డుకు 5, వైవాకు 5. ఇవన్నీ పోగా, ఒక ఆట ఆడటం వచ్చినందుకు ఇచ్చేది అక్షరాలా 7 మార్కులు. అంటే ఆటల సబ్జెక్టులో ఆట రాకపోయినా 93 దాకా ఢోకా లేదు!

పాఠాలు మాత్రం ఘనంగా ఉంటాయి. నాకౌట్ టోర్నమెంటుకు 19 జట్లొస్తే ఎన్ని ‘బై’లు ఇవ్వాలి? 32లోంచి 19 తీసేసి 13 అని మనవాడు చిటికెలో చెబుతాడు. మ్యాచ్‌లు 18 అని కొసరు కూడా వేస్తాడు. ‘ఒక జట్టులో మనిషి తక్కువయ్యాడు, కాస్త రారా’ అంటే మాత్రం ‘రేపు టెస్టుంది అంకుల్’ అని తలుపేసుకుంటాడు. బెణుకుకూ కండరం చిట్లడానికీ తేడా బొమ్మలతో సహా రాస్తాడు. మోకాలు దోక్కుపోవడం అంటే ఏమిటో తెలియదు. 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిందని చెబితే, ఆ అంకెలన్నీ నోటితోనే ఎత్తేస్తాడు.

మరి దారుఢ్య పరీక్షలోని 600 మీటర్ల పరుగో? పరుగు రికార్డు పుస్తకంలో జరుగుతుంది. డ్రిల్లు మాస్టారిని అని లాభం లేదు. ఆయన మైదానంలో కొత్త బ్లాకు లేచింది, ఆయన్ను బస్సుల డ్యూటీకి వేశారు. విజిలు మెడలో ఉంది కాబట్టి అక్కడా పనికొస్తోంది.

ఆ లెక్కన మన కార్పొరేట్ ఇంటర్ కాలేజీలే నిజాయితీపరులు. అపార్ట్‌మెంటులో కాలేజీ పెట్టి, తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్ అని మొహం మీదే చెబుతారు. ఆటల పేరుతో నాటకమాడరు. సింధు పతకం గెలిచిన రోజున మాత్రం గేటుకు ఫ్లెక్సీ కడతారు. అందులో సింధు కన్నా చైర్మన్ గారి ఫొటో పెద్దది.

అన్నట్టు, ఈ సిలబస్‌లో వృద్ధుల దారుఢ్యానికీ ఒక పరీక్ష ఉంది. రిక్లీ, జోన్స్ అనేవాళ్లు పెట్టింది. ముప్ఫై సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి నిలబడగలరో లెక్కపెట్టడం అందులో ఒక అంశం. ఆర్నెల్లు సాము చేసి మూలనున్న ముసలమ్మను కొట్టాడని వెనకటి సామెత. మనవాడు రెండేళ్లు సాము చదివాడు. ఇప్పుడు ఇద్దరికీ ఆ కుర్చీ పోటీ పెడితే ముసలమ్మే గెలుస్తుంది. ఆమె ఎందుకు గెలిచిందో వీడు అయిదు మార్కులకు రాస్తాడు.