రెండున్నర సూతు: ఒక వెర్నియర్ ఆత్మకథ

నన్ను వెర్నియర్ అంటారు. కాలిపర్ అన్న తోక ఉంది కానీ లేత్ షాపులో ఎవరూ అంత పొడుగు పేరు పలకరు. స్టీలు ఒళ్లు, కింద రెండు పెద్ద దవడలు, పైన రెండు చిన్నవి, వెనక నుంచి బయటికి వచ్చే లోతు పుల్ల. 150 మిల్లీమీటర్ల దాకా ఏదైనా కొలుస్తాను. నా మీద జరిగే చిన్న స్కేలులో 49 మిల్లీమీటర్లను 50 గీతలుగా పంచారు. అందుకే 0.02 మిల్లీమీటరు తేడా కూడా నాకు దొరికిపోతుంది. ఈ ఉపాయాన్ని 1631లో పియర్ వెర్నియర్ అనే ఫ్రెంచాయన బయటపెట్టాడు. నాకు బ్యాటరీ లేదు, తెర లేదు, పాస్‌వర్డ్ లేదు. కథలో ముందుముందు క్లౌడ్‌లో నడిచే సాఫ్ట్‌వేర్ ఒకటి వస్తుంది. దాని పక్కన నన్ను చూసి మీరు జాలిపడకూడదని ముందే చెప్పుకుంటున్నాను.

నా ఊరు హిందూపురం. తూముకుంట దిక్కున ఒక లేత్ షాపులో, నూనె మరకల గుడ్డ మీద నా కాపురం. యజమానిని అందరూ మేస్త్రి అంటారు, ఇంట్లో పిల్లలు నాయన అంటారు. ఆయన చేతిలో బోరుబావి మోటార్ల షాఫ్టులు కొలిచాను, చెరకు గానుగల బుష్షులు కొలిచాను. మేస్త్రి నన్ను చదివే తీరు వేరు. నేను 12.70 చూపిస్తే ఆయన నోట 'నాలుగు సూత్లు' అని వస్తుంది. అంగుళానికి ఎనిమిది సూత్లు. ఈ లెక్క ఏ పాఠ్యపుస్తకంలోనూ కనబడదు గానీ ఇనుప కొట్టులో ఇప్పటికీ చెల్లుబాటు అవుతుంది.

ఒకసారి పెనుకొండ కూడా చూసివచ్చాను. 1565లో విజయనగరం కూలాక రాయలవారి వారసులకు రాజధాని అయిన ఊరు అది. ఇప్పుడు ఆ పేరు చెబితే అందరికీ ముందు గుర్తొచ్చేది ఎర్రమంచి దగ్గరి కియా కార్ల కర్మాగారం. 2017లో ఒప్పందం, 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్, అదే ఏడు డిసెంబరులో ప్రారంభోత్సవం. మొదట్లోనే ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగలిగేలా కట్టిన ఫ్యాక్టరీ. దాని చుట్టూ విడిభాగాల యూనిట్లు వెలిశాయి. మేస్త్రి కొడుకు అలాంటి ఒక యూనిట్‌లో క్వాలిటీ సెక్షన్‌లో చేరాడు. తొలి రోజు నన్ను జేబులో పెట్టుకుని పోయాడు. గేటు దాటనివ్వలేదు. 'క్యాలిబ్రేషన్ స్టిక్కర్ ఏదీ?' అన్నారు. అంటే గుర్తింపు పొందిన ల్యాబులో నన్ను పరీక్షించి, తేదీ రాసి అంటించిన కాగితం. అది లేని కొలత పనిముట్టు అక్కడ అడుగు పెట్టరాదు. లోపల ఇంకో పెద్దాయన ఉన్నాడట, కోఆర్డినేట్ మెజరింగ్ మెషిన్. ఎర్రటి చిన్న గోళీతో భాగాన్ని తాకుతూ, కంప్యూటర్‌లోని త్రీడీ మోడల్‌తో పోల్చి చూస్తుందట. సాయంత్రం కొడుకు ఇంట్లో చెప్పిన ఈ మాటే అంతటికీ మొదలు. కొడుకు చెల్లెలు, మెకానికల్ డిప్లొమా చదివే పాప, అన్నం తినడం ఆపి అడిగింది. "ఆ మోడల్ గీసేది ఎవరన్నా?"

గీయడం ఆమెకు తెలియనిది కాదు. మొదటి ఏడాదంతా డ్రాయింగ్ బోర్డు, మినీ డ్రాఫ్టర్, 2హెచ్ పెన్సిల్. కానీ త్రీడీ నేర్చుకుందామంటే ఇంట్లో ఉన్నది బెంగళూరు ఎస్.పి. రోడ్డులో కొన్న సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్. పెద్ద క్యాడ్ సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే దాని ఫ్యాను లేత్ కన్నా గట్టిగా మోగింది, తెర మాత్రం కదల్లేదు. అప్పుడు దొరికింది ఆన్‌షేప్. బ్రౌజర్‌లో తెరిస్తే చాలు, ఎక్కించుకునేది ఏమీ లేదు. 1993లో సాలిడ్‌వర్క్స్ సంస్థను మొదలుపెట్టిన జాన్ హిర్ష్‌టిక్ తన జట్టుతో 2012లో దీనికి పునాది వేశాడు. 2015లో అందరికీ తెరిచారు, 2019లో పీటీసీ కంపెనీ కొనుక్కుంది. బరువు లెక్కలన్నీ ఎక్కడో సర్వర్ల మీద జరుగుతాయి. ముసలి ల్యాప్‌టాప్ చేయవలసిందల్లా బొమ్మ చూపించడం, మౌసు కదలిక పంపడం. వాళ్ల లెర్నింగ్ సెంటర్‌లోనే ఉచితంగా కోర్సులున్నాయి. తోచినప్పుడు కూర్చుని పాఠం చూడడం, అభ్యాసం చేయడం.

పాప ఫోను హాట్‌స్పాట్ పెట్టుకుని మేడ మెట్ల మీద కూర్చునేది. నెట్ పోయిందంటే పాఠం అక్కడికక్కడే బంద్, అది దీని అసలు లోపం. కానీ గీసినదేదీ పోదు. సేవ్ బటనే లేదు. ప్రతి మార్పూ తనంతట తనే దాచుకుంటుంది, నిన్నటి రూపం కావాలంటే వెనక్కి వెళ్లి తెచ్చుకోవచ్చు. నాకు బాగా నచ్చింది ఇంకొకటి. గీసిన గీత మొదట నీలంగా ఉంటుంది. ఆ గీత ఎంత పొడుగు, దేనికి ఎంత దూరం అని కొలతలు ఇస్తూ పోతే, ఇక కదలడానికి సందు లేనప్పుడు నల్లబడుతుంది. ఎక్కువ చెప్పి ఇరికిస్తే ఎర్రబడుతుంది. కొలత లేనిదాన్ని నమ్మని యంత్రమంటే నాకు గౌరవం.

కోర్సు చెప్పేవాళ్లది ఇంగ్లీషు, చాలాచోట్ల కొలతలు అంగుళాల్లో. వాళ్ల డ్రాయింగులు థర్డ్ యాంగిల్, మన కాలేజీలో నేర్పేది ఫస్ట్ యాంగిల్. పై నుంచి చూసిన బొమ్మ వాళ్లకు పైన వస్తుంది, మనకు కింద వస్తుంది. పాప పాఠాన్ని ఆపి ఆపి వింటూ, యూనిట్లు మిల్లీమీటర్లకు మార్చుకుని, ఐఎస్ఓ నమూనా షీటు ఎంచుకుని దారిలో పడింది. పాఠాల్లో ఇచ్చే బ్రాకెట్లు, పుల్లీలు గీసింది. అవన్నీ అవతలివాళ్లే కొలతలిచ్చిన వస్తువులు. నాతో పని పడలేదు.

పని పడింది ధర్మవరంలో. పాప అమ్మమ్మగారి ఊరు అది. తాత పట్టుచీరలు నేస్తాడు. సెలవులకు రైలెక్కుతూ మేస్త్రి నన్ను పాప సంచిలో వేశాడు. మగ్గం ఆగిపోయిందని తాత ఫోను చేసి ఉన్నాడు.

జాకార్డు చూడనివాళ్ల కోసం కాస్త ఆగుతాను. మగ్గం నెత్తిన ఉండే ఈ యంత్రంలో రంధ్రాలు కొట్టిన అట్టలు దండలా వేలాడుతుంటాయి. నేతగాడు కాలితో తొక్కగానే, నాలుగు పలకల సిలిండర్ బయటికి ఊగుతుంది, ఒక కొక్కెం దాని మూలను పట్టి పావు చుట్టు తిప్పుతుంది, తరువాతి అట్ట సూదుల ముందుకొస్తుంది. అట్టలో రంధ్రం ఉన్నచోట హుక్కు దారాన్ని లేపుతుంది, లేనిచోట సూది వెనక్కి జరిగి దారం కిందే ఉండిపోతుంది. 1804 ప్రాంతంలో ఫ్రాన్సు లియాన్‌లో జాకార్డ్ చేసిన ఏర్పాటు ఇది. కంప్యూటర్లకు చిల్లుల కార్డులు దీన్ని చూసే వచ్చాయి. తాత మగ్గంలో ఆ కొక్కెం అరిగి, చివరికి విరిగింది. విరగకముందు కొన్నాళ్లు అట్ట వంకరగా వాలి, అంచులో నెమళ్ల మెడలు తెగుతూ వచ్చాయట.

విరిగిన రెండు ముక్కలనూ కాగితం మీద జోడించి పాప నన్ను తీసింది. పిన్ను దూరే రంధ్రంలో నా చిన్న దవడలు పెట్టింది. ఒక దిక్కున 7.94. పావు చుట్టు తిప్పి చూస్తే 8.30. మళ్లీ చూసింది. అవే అంకెలు. సాఫ్ట్‌వేర్ అడిగేది ఒక్క వ్యాసం. 8.30 అని కొడితే గుండ్రంగా, నల్లగా, ఏ పేచీ లేకుండా గీసేస్తుంది. రెండూ కూడి సగం చేసినా గీస్తుంది. పాప ల్యాప్‌టాప్ పక్కన పెట్టి హిందూపురానికి వీడియో కాల్ చేసింది.

"నాయనా, గుంత కోడిగుడ్డు మాదిరుంది. ఏది రాసేది?"

"పెద్దది అరుగుడు పాపా. పిన్ను ఇన్నేండ్లు ఒగ దిక్కే లాగింది గదా. చిన్నదే అసలుది. రెండున్నర సూతు."

రెండున్నర సూత్లంటే అంగుళంలో పదహారింట అయిదు. పాప కొలత గడిలో అలాగే, 5/16 అంగుళాలని కొట్టింది. సాఫ్ట్‌వేర్ దాన్నే 7.938 మిల్లీమీటర్లు చేసి చూపింది. నేను చెప్పింది 7.94. ఇద్దరమూ కలిసింది ఆ గడిలోనే.

తరువాత పెనుకొండ వంతు. అన్న ఫోనులో లింకు తెరిచి అదే మోడల్ చూశాడు. "రంధ్రం రాసినావు, పిన్ను ఎంతో కొలిచినావా? మధ్యలో గాలి ఎంత?" అని అడిగాడు. పిన్నుకు అరగని కొన దగ్గర నన్ను పట్టారు, 7.84. పదో వంతు మిల్లీమీటరు సందు. దాంతో డ్రాయింగులో టాలరెన్స్ చేరింది. రంధ్రం 0.05 దాకా పెరగొచ్చు, ఒక్క పిసరు తగ్గరాదు.

తాత ఇదంతా వింటూ అడిగిన ప్రశ్న వేరు. ఉచిత ఖాతాలో గీసినది లోకంలో ఎవరైనా చూడొచ్చని పాప నోరు జారింది. ధర్మవరంలో ఈ మాట పిడుగే. జరీ అంచు పట్టుచీరను మరమగ్గం మీద నేయకూడదని 1985 చట్టం ఉన్నా, ఇక్కడి డిజైన్లు రాత్రికి రాత్రి మరమగ్గం ఎక్కుతాయని ప్రతి నేతగాడి దగ్గరా ఒక కథ ఉంటుంది.

"మన డిజైను ఎవడన్నా ఎత్తుకపోతే?"

"చీర గాదు తాతా, కొక్కెం. ఎత్తుకపోయినోడు చేసుకోనీ."

తాత కాసేపు ఆలోచించి, "అయితే మా వీధోళ్లకు కూడా చూపీ" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయన పాదాలు పట్టుకోవాలనిపించింది నాకు, దవడలున్నాయి గానీ చేతుల్లేవు.

ఇక తయారీ. డ్రాయింగును జిరాక్సు షాపులో ప్రింటు తీయించి, పాత జాకార్డు అట్టకు అంటించి కత్తిరించి మగ్గం మీద పెట్టి చూద్దామనుకున్నారు. కత్తిరించే ముందు పాప నాతో కాగితం కొలిచింది. 100 మిల్లీమీటర్ల గీత 97 వచ్చింది. ప్రింటరు పేజీకి సరిపడేలా కుదించేసింది. నూటికి నూరు శాతం అని మార్చి మళ్లీ తీయించారు. తెర మీద అంతా సరిగ్గానే ఉంది మరి. అట్ట కొక్కెం మూలను పట్టింది, తాత "కొంచెం లూజు ఉండల్ల, బిగిస్తే అట్టలు చిరుగుతాయి" అని నోటి వంపు చూపించాడు. పాప ఆ వంపు అంకె ఒక్కటి మార్చింది.

పాత కొక్కెం పావు అంగుళం మందం. హిందూపురం ఇనుప కొట్లో దొరికింది 6 మిల్లీమీటర్ల ఈఎన్ 8 ఉక్కు పట్టీ. 6.35 ఉన్నచోట 6 అని కొట్టగానే మోడలూ డ్రాయింగూ వాటంతటవే మారిపోయాయి. మిగిలిన సందుకు వాషరు. మేస్త్రి కోసి, ఆకురాయి పట్టి, రంధ్రానికి రెండున్నర సూతు రీమరు వేసి, నోటి కొనను ఎర్రగా కాల్చి నూనెలో ముంచాడు. ఏ ఉక్కు అన్నది డ్రాయింగులో రాసుకోవచ్చు, ఎంత ఎర్రబడ్డాక ముంచాలన్నది మేస్త్రి కంటికే తెలుసు. చివర్లో నాతో చూశారు, 7.96. అన్న ఇచ్చిన హద్దులోనే ఉంది.

కొక్కెం ఇప్పుడు ధర్మవరంలో తిరుగుతోంది. పాప కోర్సులో అసెంబ్లీ పాఠాలకొచ్చింది, ఒక భాగాన్ని ఇంకో భాగానికి తగిలించి కదిలించి చూడడం. సిలిండర్ మొత్తం గీయాలని ఉంది ఆమెకు.

దానికి కావలసినవి మీ ఇళ్లలోనే ఉన్నాయి. ధర్మవరంలో గానీ, హిందూపురం చుట్టుపక్కల మగ్గాల ఊళ్లలో గానీ జాకార్డు భాగమేదైనా విరిగితే ముక్కల్ని తూకానికి అమ్మేయకండి. రెండు ముక్కలూ, వాటి పిన్నూ కలిపి ఒక గుడ్డలో కట్టి ఉంచండి. కొలిచే పిల్లలు ఎవరైనా వస్తే ఇవ్వండి. వాళ్లు నన్ను పట్టుకోగానే, ముందు దవడలు మూసి సున్నా సున్నాకు కలిసిందో లేదో చూడమనండి.