నిత్య శివరాత్రి

మహాశివరాత్రినాడు శ్రీకాళహస్తికి పోయి తెల్లవార్లు జాగరణ చేసి, మరునాడు పగలంతయు కునికిపాట్లు పడుచు పుణ్యము మూటగట్టుకొని వచ్చుట స్వర్ణముఖీ తీరవాసులకు పెద్దలనాటి ఆచారమే గాని, ఏటికొకమారు జరుగు ఆ కఠినవ్రతమును నాయుడుపేటలో నేడు పాలపళ్లైన ఊడని పసివారు, ఉపవాసము మాత్రము మినహాయించి, అనుదినమును అతినిష్ఠతో సాగించుచున్నారనిన, కలియుగమున ధర్మము క్షీణించినదని వగచువారి నోళ్లు మూతపడక తప్పదు.

పూర్వము ఈ ఊర అర్ధరాత్రివేళ మేల్కొనియుండువారు జాతీయ రహదారిపై లారీలు తోలువారును, స్టేషనులో బండికై కాచుకొన్నవారును మాత్రమే. శ్రీహరికోటలో రాత్రిపూట రాకెట్టు ఎగురునపుడు పిల్లాజెల్లా మేడలెక్కుటయు కలదు. కాని రాకెట్టు కొన్ని నిమిషములలో కనుమరుగై జనులను పడకకు పంపివేయును. సెల్లుఫోను అట్టి దయ నెరుగదు. ఒక వీడియో ముగిసీ ముగియకముందే మరియొకటి పిలువని పేరంటమునకు వచ్చి కూర్చుండును.

చీకటి పడినపిదప మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అను హార్మోనును విడుదల చేసి, నిద్రకు వేళయైనదని దేహమునకు చాటింపు వేయుననియు, తెరనుండి వెలువడు నీలికాంతి కంటబడినచో ఆ చాటింపు ఆలస్యమగుననియు వైద్యులు చెప్పుచున్నారు. ఆరు మొదలు పన్నెండేండ్ల పిల్లలకు దినమునకు 9 నుండి 12 గంటల నిద్ర వలయునని అమెరికాలోని నిద్రావైద్యుల అకాడమీ 2016లో తేల్చినది. రెండేండ్లు నిండని శిశువులకు తెరయే కూడదనియు, అయిదేండ్ల లోపువారికి గంటకు మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో హెచ్చరించినది. జెనీవాలో కూర్చుండి ఈ నియమములు వ్రాసిన మహనీయులు, ఫోనులో పాట మ్రోగనిదే నోరు తెరువని బిడ్డను, ఆ పాట ఆగినచో ముద్ద పెట్టనేరని తల్లిని చూచియుండరు.

2020లో కోవిడ్ వలన బడులు మూతపడి చదువు ఫోనులోనికి దూరెను. 2022 డిసెంబరులో రాష్ట్రప్రభుత్వము సర్కారు బడుల ఎనిమిదవ తరగతి పిల్లలకు ట్యాబులు పంచి పెట్టెను. దుప్పటిక్రింద వెలుగు చూచి గద్దించిన తల్లికి "పాఠం చూస్తుండానమ్మా" అని ప్రత్యుత్తరము వచ్చినచో, దానికి ఎదురాడగల తల్లి ఇంకను పుట్టలేదు.

రాత్రి పదకొండు గంటలకు ఒక ఇంట తండ్రి రీల్సు పైకి నెట్టుచు, తలయైన త్రిప్పక "పండుకోరా" అని ఆజ్ఞాపించెను. "నువ్వు పండుకో నాయనా, నేనూ పండుకుంటా" అని కుమారుడు వినయముగా విన్నవించెను. నాయనకు ఆగ్రహము కలిగెను గాని, చేతిలోని ఫోను మాత్రము క్రిందికి దిగలేదు.

బిడ్డల నిద్ర చెడినదని ప్రభుత్వమును, బడిని, కాలమును తిట్టుటకు ముందు, ఓ తల్లిదండ్రులారా, రాత్రి తొమ్మిది కొట్టగానే ఇంటిలోని ఫోనులన్నిటిని, మొట్టమొదట మీ ఫోనును, పడకగది వెలుపల ఛార్జింగునకు పెట్టుడు. తెల్లవారి లేచుటకు ఫోను లేనిదే ఎట్లందురా? అలారము గడియారములు బజారులో ఇప్పటికిని దొరకుచున్నవి.